ఎనిమిది ముడుల ఫ్యూజు డబ్బా

అమీర్‌పేట చౌరస్తా నుంచి పంజగుట్ట వైపు నాలుగడుగులు వేస్తే ఎడమచేతి గల్లీలో మొదట ఓదెలు పంక్చర్ల కొట్టు, దాన్ని ఆనుకుని నజీరుద్దీన్ రేకుల షెడ్డు ఉండేవి. ఆ రోజుల్లో కార్లున్న వాళ్లే తక్కువ. ఉన్నవాళ్లలో సగం మందివి వాళ్ల పెళ్లిళ్లకన్నా పాత కార్లు. వానాకాలం మొదలైందంటే చాలు, అవన్నీ మొండికేసేవి. హారన్ మోగితే దీపం ఆరిపోయేది, దీపం వెలిగితే వైపరు పడుకునేది. అప్పుడు బేగంపేట బంగళాల వాళ్లయినా, యూసుఫ్‌గూడ గుమాస్తాలయినా కారు తోయించుకుంటూ నజీరుద్దీన్ దగ్గరికి రావాల్సిందే.

అతని చేతి కింద నుంచి వెళ్లిన కారుకు ఒక గుర్తుండేది. బానెట్ ఎత్తి చూస్తే, ఫ్యూజు డబ్బాలోకి వెళ్లే ప్రతి వైరుకూ ఒక తెల్ల దారం ముక్క కట్టి ఉంటుంది. దారానికి ముడులు. ఒకదానికి ఒకటే ముడి, ఇంకోదానికి మూడు, మరోదానికి ఎనిమిది.

"గవి మామూలు దారాలు కావు. దర్గాల ఓదించి తెస్తడు. నజీర్ భాయ్ దారం ఉన్నన్ని రోజులు ఫ్యూజు కొట్టమన్నా కొట్టది" అని ఓదెలు పన్నెండేళ్లుగా ప్రచారం చేస్తున్నాడు. ట్యూబులో గాలి కొడుతూ చెప్పే మాటలకు బలం ఎక్కువ కాబోలు, అందరూ నమ్మేశారు. నజీరుద్దీన్ ఔననలేదు, కాదనలేదు. నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూసి జనం ఇంకా గట్టిగా నమ్మారు.

అసలు సంగతేమిటంటే నజీరుద్దీన్‌కు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. పద్దెనిమిదేళ్లప్పుడు రైల్వే నౌకరీకి వెళితే, డాక్టరు చుక్కల బొమ్మలున్న పుస్తకం ముందు పెట్టి "ఏ అంకె కనబడుతోంది?" అని అడిగాడు. "అంకె లేదు సాబ్, సాబుదానా పోసినట్టుంది" అని ఉన్నమాట చెప్పాడు. అక్కడి నుంచి అటే పంపించేశారు. తర్వాత చేరిన మోటారు షెడ్డులో మేస్త్రీకి సంగతి తెలిసి, రంగులు తెలియనివాడికి కరెంటు పనేమిటని ఆ పూటే గేటు బయటికి నెట్టాడు. ఇక అప్పటి నుంచి ఈ ముక్క ఎవరికీ చెప్పకూడదని నజీరుద్దీన్ ఒట్టు పెట్టుకున్నాడు.

భార్య ఖుర్షీదా దగ్గర మాత్రం ఆ ఒట్టు వారం రోజులే నిలిచింది. కొత్త కాపురంలో టమాటాలు తెమ్మంటే కిలో పచ్చికాయలు తెచ్చి, "ఎంత ఎర్రగ ఉన్నయో చూడు" అని మురిసిపోయాడు మరి. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని పొద్దుగూకేదాకా నవ్వింది. పొద్దుగూకాక నవ్వాపి ఆలోచించింది. ఆవిడ బొంతలు కుడుతుంది, ఇంట్లో తెల్ల దారానికి కొదవ లేదు. "అజీ, రంగు నీకు చెప్పకపోతే ముడి చెప్తది" అంది.

అలా మొదలయింది ఆ పద్ధతి. పాత డబ్బాలోంచి వైరు ఊడదీసే ముందే అది ఏ పని చేస్తుందో బ్యాటరీ పెట్టి పరీక్షించుకుంటాడు. హారన్‌దయితే ఒక ముడి. వైపరుకు రెండు. పెద్ద దీపాలకు మూడు. అట్లా లోపలి పెట్రోలు ముల్లు దాకా ఎనిమిది. మళ్లీ బిగించేటప్పుడు వేలితో ముడులు తడిమి, ఏది ఎక్కడిదో అక్కడ పెడతాడు. కొత్త వైరు వెయ్యాల్సివస్తే నల్లదే వేస్తాడు. నలుపు అందరికీ ఒకటే కదా.

ఎనభై ఏడు జూన్ నెలాఖరులో, ఒక సోమవారం పొద్దున, శాంతిరాజు తన ఫియట్ కారును నలుగురి చేత తోయించుకుంటూ వచ్చాడు. ఆయనది గుంటూరు వైపు. ప్రభుత్వ ఆఫీసులో ముప్పై ఏళ్లు నక్షాలు గీసి రిటైరయ్యాడు. పంజగుట్టలో ఇల్లు, చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధనలో కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య నడిచే మనిషి ఆయనే. ఇరవై ఏళ్లుగా ఆ సంచి ఇంకొకరి చేతికి ఇవ్వలేదని చెప్పుకునేవారు.

"రేపు సాయంత్రం నాలుగింటికి మా రూతమ్మ బడిలో రిటైరవుతోంది. ముప్పై ఏళ్ల కిందట పెళ్లయిన రోజు ఈ కారులోనే ఇంటికి తెచ్చుకున్నాను. రేపు కూడా ఈ కారులోనే తెచ్చుకుంటానని మాటిచ్చాను. ఏమంటావు?" అన్నాడు.

నజీరుద్దీన్ ఫ్యూజు డబ్బా మూత తీశాడు. లోపల ఇత్తడి రేకుల మీద చిలుము పొట్టు పొట్టుగా లేచి ఉంది. వేలితో తాకితే పిండిలా రాలింది. రెండు ఫ్యూజుల చుట్టూ ఎవరో పుణ్యాత్ముడు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టాడు. ఆ కాగితం కాలి, కింది పలక సగం బొగ్గయింది.

"డబ్బా ఖతం సార్. కొత్తది దొరకది. పాత సామాను బజార్ల ఎతుకుత. ఫికర్ చెయ్యకుండ్రి, రేపు మూడింటికల్లా ఇస్త."

ఆ సాయంత్రమే పరీక్షించి, ఎనిమిది వైర్లకూ ఎనిమిది దారాలు కట్టి, చచ్చిన డబ్బాను ఊడదీశాడు. మంగళవారం తెల్లారగానే సైకిలెక్కి బజారుకు వెళ్లాడు. మూడు దుకాణాలు తిరిగి, నాలుగో దుకాణంలో ఇనుప కుప్ప కింద అచ్చం అలాంటి డబ్బా పట్టుకున్నాడు. గీకి, తుడిచి, రేకులు మెరిపించుకుని పదకొండున్నరకు షెడ్డుకు వచ్చేసరికి శాంతిరాజు బానెట్ మీదికి వంగి ఉన్నాడు. చేతిలో చిన్న కత్తెర.

"వచ్చావా నజీర్ భాయ్! ఏమీ అనుకోకు. పొద్దున వస్తే ఓదెలు చెప్పాడు, ఇవి దర్గా దారాలని. నీ నమ్మకం నీది, నేను తప్పు పట్టను. కానీ నేను సంఘపెద్దని. నా కారులో తాయెత్తులుంటే ఎలా చెప్పు? అవమానం కాకుండా జాగ్రత్తగా తీశాను. ఒక్కటి కూడా కింద పడనివ్వలేదు." అంటూ జేబులోంచి కవరు తీసి రెండు చేతులా అందించాడు. కవరులో ఎనిమిది దారాలూ కలిసిపోయి ఉన్నాయి.

నజీరుద్దీన్ కవరు అందుకుని పనిముట్ల పెట్టె మీద పెట్టాడు. బానెట్ కింద ఎనిమిది వైర్లు ఎటువంటి గుర్తూ లేకుండా వేలాడుతున్నాయి.

"అవి తాయెత్తులు కావు సార్. గుర్తులు."

"గుర్తులా? గుర్తుకు రంగులున్నాయి కదయ్యా! ఎర్రది, ఆకుపచ్చది, గోధుమరంగుది, దేనికదే తెలుస్తుంటే మళ్లీ దారమేంటి?"

ఈ ప్రశ్నకు జవాబు ఒకటే. ఆ జవాబు చెబితే రేపటి నుంచి షెడ్డు ముందు కారు ఆగదు. పక్క కొట్టులో ఓదెలు చెవులు నిక్కించి ఉన్నాడు. అతని చెవిలో పడ్డ మాట మధ్యాహ్నానికి పంజగుట్ట చేరుతుంది, సాయంత్రానికి బేగంపేట.

"మళ్ల ఒక్కొక్క వైరు పరీక్ష చేసి పెడత సార్, రెండు గంటల పని" అన్నాడు మెల్లగా.

"రెండు గంటలా! టైము ఎక్కడుంది? చూడు, నేను రాత్రి కూర్చుని గీశాను." శాంతిరాజు సంచిలోంచి చాపంత కాగితం తీసి కారు మీద పరిచాడు. కారు వైరింగంతా రంగు పెన్సిళ్లతో గీసిన నక్ష. గీతకు గీత, మలుపుకు మలుపు, కింద ఆయన సంతకం. "కారుతో వచ్చిన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించాను. నేను రంగు చెబుతుంటాను, నువ్వు అందుకుని బిగించెయ్యి. అరగంటలో అయిపోతుంది. ముందు ఎర్రది తీసుకో."

ఎర్రది తీసుకోవాలట! నజీరుద్దీన్‌కు రైల్వే డాక్టరు మళ్లీ పుస్తకం పట్టుకుని వచ్చినట్టయింది. ముందు చెవులు వినబడనట్టు నటించాడు. శాంతిరాజు గట్టిగా అరిచాడు. నజీరుద్దీన్ కంట్లో నలుసు పడిందన్నాడు. శాంతిరాజు జేబురుమాలు ఇచ్చాడు. ఆఖరికి ఒక ఆలోచన తట్టింది.

"సార్, కారు మీది, నక్ష మీది. మీ చెయ్యి మంచిది. మీరే వైరు పట్టి ఇయ్యుండ్రి, నేను బిగిస్త. మేడం గారి శుభకార్యం కదా, మీ చెయ్యి పడాలె."

శాంతిరాజు మురిసిపోయాడు. చొక్కా చేతులు మడిచి, కళ్లజోడు సవరించుకుని, ఒక్కొక్క వైరూ తీసి "ఇది ఎర్రది, మూడో ఫ్యూజుకు... ఇది ఆకుపచ్చది, ఐదుకు..." అంటూ అందించాడు. నజీరుద్దీన్ చెప్పినచోట చెప్పినట్టు బిగించాడు. అరగంటలో ఎనిమిదీ అయిపోయాయి. హమ్మయ్య, బతికాను అనుకున్నాడు. తన తెలివికి తనే లోపల్లోపల శభాష్ కూడా చెప్పుకున్నాడు.

ఓదెలు కొట్టుకు గొళ్లెం పెట్టి అన్నం తినడానికి ఇంటికి వెళ్లాడు. శాంతిరాజు కారులో కూర్చుని తాళం తిప్పాడు.

పెద్ద దీపాల స్విచ్చు వేస్తే వైపర్లు లేచి ఊగాయి. ఇండికేటరు వేస్తే లోపలి దీపం కన్ను కొట్టింది. బ్రేకు తొక్కితే హారన్ కుయ్యోమంది. కంగారులో ఆయన బ్రేకు ఇంకా గట్టిగా తొక్కాడు. గల్లీలో పడుకున్న కుక్కలన్నీ లేచి వచ్చాయి. చివరికి డబ్బాలో టప్‌మని చప్పుడైంది, కాస్త పొగ లేచింది, అంతా నిశ్శబ్దం.

శాంతిరాజు దిగి వచ్చాడు. ముఖం జేవురించింది. "నేను సరిగ్గానే అందించాను. నువ్వే ఎక్కడో తారుమారు చేశావు. ఒంటిగంటయింది నజీర్! నాలుగింటికి ఆవిడ గేటు దగ్గర నిలబడుతుంది. పిల్లలంతా చూస్తుంటారు." ఒక వైరు పీకి నజీరుద్దీన్ ముఖం ముందు పెట్టాడు. "చెప్పు, ఇది ఏ రంగు?"

నజీరుద్దీన్ వైరు వంక చూశాడు. మట్టిరంగు. ఎప్పుడు చూసినా మట్టిరంగే. "ఎరుపు సార్" అన్నాడు.

శాంతిరాజు చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. వైరు వంక చూశాడు, మనిషి వంక చూశాడు. "ఇది ఆకుపచ్చ" అన్నాడు నెమ్మదిగా.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నజీరుద్దీన్ స్టూలు మీద కూలబడ్డాడు. "నాకు రెండూ ఒక్కతీరే సార్. చిన్నప్పటి సంది గంతే. మా ఖుర్షీదాకు తప్ప ఎవ్వరికీ తెల్వది. తెలిస్తే నా దగ్గరికి ఎవరొస్తరు? గందుకే ముడులు. తాయెత్తని ఓదెలు అంటే అననిచ్చిన, మంచిదే అయిందనుకున్న. నాకు సిగ్గయితుంది సార్." కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్లుగా మోస్తున్నది కదా, దించుతుంటే భుజం నొప్పి తెలిసింది.

శాంతిరాజు చేతిలోని వైరు వంక మళ్లీ చూశాడు. "మరి నేను అందించినవైనా సరిగ్గా ఉండాలి కదా? రంగు నేను చూశానుగా?"

నజీరుద్దీన్ ముక్కు తుడుచుకుని లేచాడు. పని మాట వచ్చేసరికి గొంతులో బెదురు పోయింది. "మీ నక్షల ఈ ఆకుపచ్చ వైరు దేనిది సార్?"

"బ్రేకు లైటుది."

నజీరుద్దీన్ దాని కొస తీసుకుని బ్యాటరీకి తాకించాడు. హారన్ బయ్‌మంది.

"మీ కారు ముప్పై ఏండ్లది. ఎంతమంది చేతులు పడ్డయో. ఒకడు హారన్‌కు ఆకుపచ్చ వైరు దొరికితే ఆకుపచ్చ ఏసిండు, ఇంకొకడు దీపానికి ఏది దొరికితే అది ఏసిండు. మీ నక్షల తప్పు లేదు సార్. నక్ష కొత్త కారుది. కారేమో పాతది."

శాంతిరాజు కారు మీద పరిచిన కాగితాన్ని చూశాడు. ముప్పై ఏళ్లు నక్షాలు గీసిన చెయ్యి అది, ఆ మాట మింగడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత కాగితం మడిచి సంచిలో పెట్టాడు. పనిముట్ల పెట్టె మీదున్న కవరు అందుకుని, దారాలన్నీ అరచేతిలో పోసుకున్నాడు.

"ఒక ముడి దేనికి?"

"హారన్‌కు సార్."

"చెబుతూ ఉండు."

ఆ తర్వాత ఇద్దరి మధ్యా పని మాటలే నడిచాయి. శాంతిరాజు లోపల కూర్చుని స్విచ్చులు వేస్తాడు, నజీరుద్దీన్ బయట వైరు కొస బ్యాటరీకి తాకిస్తాడు. వైపరు కదిలిందా, రెండు ముడులు. ఇండికేటరు కొట్టుకుందా, ఆరు. శాంతిరాజు దిగి, ఆ దారం వెతికి, తనే వైరుకు కడతాడు. మళ్లీ వెళ్లి స్విచ్చు దగ్గర కూర్చుంటాడు. కాలిన రెండు ఫ్యూజులు మార్చారు. రెండున్నరకల్లా ఏడు వైర్లు బిగించడం అయింది. శాంతిరాజు ఎనిమిది ముడుల దారం పట్టుకుని, కొస అందక అవస్థపడుతూ, పంటితో లాగి మరీ ముడి బిగిస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ఓదెలు భోజనం చేసి, పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. వచ్చి, నోట్లో పుల్ల నోట్లోనే ఉండగా నిలబడిపోయాడు.

"సార్! మీరు సుత కట్టవట్టిన్రా! పొద్దుగాల మీరే కదా తాయెత్తు పాపమని కోసి పారేసింది?"

నజీరుద్దీన్ స్క్రూడ్రైవరు దించాడు. ఇప్పుడు శాంతిరాజు జవాబు చెప్పాలి. అబద్ధమాడని మనిషి. ఇవి తాయెత్తులు కావు, ఇతనికి రంగులు తెలియవు కనుక గుర్తులు అంటే ఆయన పరువు నిలబడుతుంది, తన షెడ్డు మూతపడుతుంది. ఆ మాట చెప్పడం ఆయనకు తప్పు కూడా కాదు. నజీరుద్దీన్ తల వంచుకుని స్క్రూడ్రైవరు తుడవసాగాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

శాంతిరాజు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"పొద్దున తీశానయ్యా ఓదెలూ, నిజమే. తీస్తే ఏమయిందో నా కళ్లతో నేను చూశాను. ఇక ఈ దారాలు ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు" అన్నాడు.

అందులో అక్షరం అబద్ధం లేదు. ఓదెలు చెంపలు వేసుకుని, ఈ కబురు పంచడానికి టీ హోటలు వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

ఐదింటికి ఫియట్ గల్లీలోకి వచ్చింది. ముందు సీట్లో రూతమ్మ, ఒళ్లో పూలదండలు. శాంతిరాజు పట్టపగలే పెద్ద దీపాలు వెలిగించుకుని నడుపుతున్నాడు. షెడ్డు ఎదుట ఆగి ఒకసారి హారన్ కొట్టాడు. బ్రేకు తొక్కినా హారన్ కొట్టినా ఏది చేయాల్సింది అదే చేసింది. నజీరుద్దీన్‌కు ఎంత సంతోషమైందంటే, కారు మలుపు తిరిగాక కూడా సలాం పెట్టిన చెయ్యి దించడం మరిచిపోయాడు.

రెండు వారాల తర్వాత సాలమన్ అనే పెద్దమనిషి పాత కారు వేసుకుని వచ్చాడు. శాంతిరాజు చర్చివాడే. అటూ ఇటూ చూసి, "శాంతిరాజు గారి కారుకు కట్టిన దారాలే నా కారుకూ కట్టాలి. కానీ లోపలికి, పైకి కనబడకుండా" అన్నాడు గుసగుసగా.

"ఎందుకు సార్ కనబడకుండ?"

"నీకు తెలియదా? మీ ఓదెలు చలవ, సంఘమంతా గగ్గోలు! పాస్టరు గారు శాంతిరాజు గారిని పిలిచి అడిగారు. శాంతిరాజు గారు 'తీస్తే ఏమయిందో చూశానండీ' అని ఆ ఒక్క మాటే చెప్పి కూర్చున్నారు. ఎంత గుచ్చి అడిగినా ఇంకో మాట లేదు. నెల రోజులు కానుకల సంచి పట్టవద్దన్నారు పాస్టరు గారు. ఈయన సరే అన్నారు. పాపం, మొన్న ఆదివారం ఆఖరి బల్ల మీద చేతులు కట్టుకు కూర్చున్నారు."

నజీరుద్దీన్ చేతిలోని పానా కింద పెట్టేశాడు. ఇరవై ఏళ్లు ఆ మనిషి ఎవరికీ ఇవ్వని సంచి అది. పంక్చరు అతికిస్తున్న ఓదెలును కూడా కేకేసి పిలిచాడు. ఒట్టు సంగతి అతనికి గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చినా ఆగలేదు.

"ఇద్దరూ వినుండ్రి. అవి తాయెత్తులు కావు, ఏ దర్గావీ కావు. మా ఇంట్ల బొంత కుట్టే దారాలు. నాకు ఎరుపుకు, ఆకుపచ్చకు ఫరక్ తెల్వది. ఏ వైరు ఏందో యాదికుండాలని కట్టుకుంట. శాంతిరాజు సార్ నా ఇజ్జత్ కోసం చెప్పలేదు. పోయి మీ పాస్టరు సార్‌కు గీ మాట చెప్పుండ్రి."

ఓదెలు పగలబడి నవ్వాడు. "రంగులు తెల్వని ఎలక్ట్రీషియనా! భాయ్, జర నమ్మేటట్టు చెప్పు!"

సాలమన్ నొచ్చుకున్నాడు. "ఇష్టం లేకపోతే కట్టనని చెప్పాలి గానీ ఇలా కథలు చెప్పడమేంటి?" అని జేబులోంచి రెండు పెన్నులు తీశాడు. ఆయన బడిపంతులు. ఒకటి ఎత్తి పట్టి, "ఇది ఏ రంగు చెప్పు" అన్నాడు.

"నిజంగ తెల్వది సార్."

"ఊరికే చెప్పవయ్యా."

"ఏమో... ఎరుపు?"

"మరి ఇది?"

"ఆకుపచ్చ?"

"చూశావా!" సాలమన్ విజయగర్వంతో పెన్నులు జేబులో పెట్టుకున్నాడు. ఓదెలు చప్పట్లు కొట్టాడు. జీవితంలో మొదటిసారి కంటి పరీక్షలో నెగ్గి, నజీరుద్దీన్ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పంజగుట్టకు వెళ్లి శాంతిరాజుకు ఈ వైనమంతా చెప్పాడు. ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. నవ్వడం అయ్యాక నజీరుద్దీన్ చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

"నా కోసం చెప్పేశావా?" అన్నాడు.

"చెప్పిన సార్. నమ్మలే."

"పోనీలే. ఇంకో రెండు ఆదివారాలే కదా. వెనక బల్ల దగ్గర గాలి బాగా వస్తోంది."

రూతమ్మ లోపలి నుంచి రెండు కప్పులు టీ తెచ్చింది. మూడోది తనకు కూడా తెచ్చుకుని వాళ్ల దగ్గరే కూర్చుంది. బయట ఫియట్ తడుస్తోంది. వాన పెద్దదయింది గానీ, ఆ కారు గురించి ముగ్గురిలో ఎవరికీ బెంగ లేదు.